ఆరనీ పిన్ని

ముఖం ఆరేదాకా పిన్ని ఏ పనీ మొదలుపెట్టదు, ఇంకొకరిని మొదలుపెట్టనివ్వదు. ఇంటికి నిప్పంటుకున్నా ముందు సన్‌స్క్రీన్ ఆరాలి, ఆ తర్వాతే బకెట్టు. పొద్దున లేచింది మొదలు ఆమె నోట వచ్చే మాట ఒక్కటే: "ఆరనీ!" అందుకే ఆమె పనిచేసే కళ్లద్దాల దుకాణంలో అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. అందరికీ ఆరనీ పిన్నే.

పద్ధతి ఇదీ. కడిగిన ముఖానికి ముందు తేమ క్రీము. అది ఆరాలి. దానిమీద సన్‌స్క్రీన్, చెవుల వెనకా మెడ కిందా వదలకుండా. అదీ ఆరాలి. అప్పుడు మేకప్. అది కుదురుకున్నాక పౌడరు. ఆరిందీ లేనిదీ తేల్చడానికి గడియారం పనికిరాదు. పిన్ని చూపుడువేలు మడిచి దాని వీపును చెంపకు ఆనిస్తుంది. వేలు అంటుకుంటే "ఆరనీ". అంటుకోకపోతే "ఇంకాస్త ఆరనీ".

ఇంత చేసీ ఆ ముఖం వెలిగిపోతుందా అంటే అదీ లేదు. చామనఛాయ మీద సన్‌స్క్రీన్ బూడిదలా తేలి, పిండిమరలోంచి వచ్చిన మనిషిలా ఉంటుంది.

"ఏమోయ్, గోడకి సున్నం కొట్టినా ఇంతకంటే తొందరగా ఆరుతుంది," అనేవాడు బాబాయి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి.

"గోడ పొద్దస్తమానం ఎండలోనే పడి ఉంటుందిగా."

"అయితే?"

"అందుకే పెచ్చులూడుతోంది. ఆరనీ."

ఈ తతంగాన్ని అందరికంటే ఎక్కువగా అసహ్యించుకున్నది బుల్లి. పిన్నికి సొంత అక్క కూతురు. ఉద్యోగం కోసం వచ్చి పిన్ని ఇంట్లోనే ఉంటోంది, అదే దుకాణంలో ముందు కౌంటర్లో కళ్లద్దాలు అమ్మేది. "అమ్మేది" అనడానికి కారణం ఉంది. ఒకరోజు వంటింట్లో మరుగుతున్న గిన్నె మూత తీస్తుంటే ఆవిరి కొట్టి ఎడమ చెంప కాలింది. పుండు మానింది, మచ్చ ఉండిపోయింది. ఎండ తగిలితే మచ్చ ఇంకా నల్లబడుతుందనీ, రోజూ సన్‌స్క్రీన్ రాసుకోవాలనీ, కావాలంటే దానిమీద మేకప్ వేసుకోవచ్చనీ చర్మం డాక్టరు చెప్పాడు.

సెలవు ముగిసి దుకాణానికి వెళ్లిన రోజు యజమాని బుల్లిని ఎగాదిగా చూసి గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, జనం మన దగ్గరికి వాళ్ల ముఖాలు అద్దంలో చూసుకోడానికి వస్తారు. చూడగానే వాళ్లకి ఉల్లాసంగా ఉండాలి. నువ్వు కొన్నాళ్లు లోపల గదిలో పని చూసుకో."

చాలా మర్యాదగానే చెప్పాడు. మర్యాదగా కొడితే దెబ్బ తగలదని అతని నమ్మకం. లోపల గది అంటే ఫ్రేముకు సరిపడా అద్దాలను రాయి మీద అరగదీసే గది. కిటికీ లేదు. ఆ రాయికి ఉల్లాసంతో పనిలేదు.

ఆ సాయంత్రం బుల్లి ఇంటికి రాగానే సన్‌స్క్రీన్ ట్యూబును గోడకేసి కొట్టింది. "నా ఒక్కదానికేనా ఈ ఖర్మ!" అని అరిచింది. ఓదార్చడానికి లేచిన బాబాయి నీళ్ల గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు. పిన్ని మాత్రం వంగి ట్యూబు తీసింది, కొంగుతో తుడిచింది. "ఖరీదైన సరుకే, నేలపాలు చేస్తావా?" అంటూ అరచేతిలోకి పిండుకుని, అప్పటిదాకా సబ్బు తప్ప మరొకటి ఎరగని తన ముఖానికి పూసుకుంది. అద్దంలో చూసుకుని, "బానే ఉందే!" అంది.

మర్నాటి నుంచి ఇంట్లో ఈ ఆరబెట్టుడు మొదలైంది. నా చెంప కాలితే ఈవిడకి సోకులు పుట్టుకొచ్చాయి, అనుకుంది బుల్లి. ఆ మాట ముఖం మీదే అనేసింది కూడా.

"అవునే, ఇన్నాళ్లూ తెలియక పాడైపోయాను," అంది పిన్ని. "కదలకు. ఆరనీ."

ఇల్లు చాలక పిన్ని దుకాణం మీద పడింది. మొదట దొరికినవాడు గుమ్మంలో కాపలా ఉండే తాత.

"నాకెందుకమ్మా? నా ముఖం ఎండకి ఎప్పుడో మాడిపోయింది."

"మిగిలిందేదో దాన్నైనా కాపాడుకో. చెయ్యి పెట్టకు, ఆరనీ!"

ఆరేదాకా ముఖం దగ్గరికి చెయ్యి రాకూడదు కాబట్టి తాత పొద్దుటిపూట యజమానికి సలాం కొట్టడం మానేశాడు. తరవాత కళ్లు పరీక్షించే డాక్టరు, ఆ తరవాత ముందు కౌంటరు వాళ్లు. సన్‌స్క్రీన్ పూర్తిగా ఆరని ముక్కు మీద కళ్లద్దాలు నిలవవు. కొద్దిరోజుల్లోనే దుకాణంలో అందరి ఫ్రేములూ ముక్కు చివరికి జారి, ఎవరిని చూసినా అద్దాల పైనుంచి గుడ్లురుముతున్నట్టే ఉండేవారు. కొనడానికి వచ్చినవాళ్లు తాము చేసిన తప్పేమిటో తెలియక బేరం ఆడకుండా కొనుక్కుపోయేవారు. యజమాని అందుకే ఊరుకున్నాడు.

బుల్లి మాత్రం రెండేళ్లయినా లోపలి గదిలోనే ఉంది. "కొన్నాళ్లు" అన్న మాటను అందరూ మరిచిపోయారు, అన్నవాడితో సహా.

ఇంతలో యజమానికి దుకాణం ముందు పెద్ద బోర్డు పెట్టించాలన్న కోరిక పుట్టింది. దానిమీద ఖరీదైన బంగారు ఫ్రేము, ఆ ఫ్రేము వెనక తన ముఖం. ఫొటోగ్రాఫర్ వచ్చి చూసి, లైట్ల కింద ముఖం జిడ్డుగా మెరుస్తుంది, మేకప్ మనిషిని పెట్టుకోండి అన్నాడు.

"వేరే మనిషెందుకు? మన పిన్నిగారు ఉన్నారుగా," అన్నాడు యజమాని.

ఫొటో రోజు పొద్దున పిన్ని బుల్లిని కూర్చోబెట్టి లేవనివ్వలేదు. ఒక్కో పూత వేయడం, వేలి వీపు ఆనించడం, తల అడ్డంగా ఊపడం. బాబాయి గుమ్మంలో చెప్పులు వేసుకుని, విప్పి, మళ్లీ వేసుకున్నాడు.

"ఫొటో నాకా ఏమన్నా?" అంది బుల్లి. "ఈ సింగారం ఎవరికి చూపించను, ఆ రాయికా?"

"రాయికైనా ఒక మర్యాద ఉండాలే. ఆరనీ."

దుకాణంలో లైట్లు వెలిగాయి. యజమాని గడ్డం ఎత్తి కూర్చున్నాడు. పిన్ని ఆయన ముఖానికి తేమ క్రీము రాసింది, తడి మీదే సన్‌స్క్రీన్ పూసింది, దానిమీద వెంటనే మేకప్ రుద్ది, ఆపైన పౌడరు దట్టించింది. ఎక్కడా ఆగలేదు, వేలు ఆనించలేదు, ఆ మాట ఒక్కసారీ అనలేదు. గుమ్మంలోంచి చూస్తున్న తాతకు భయం వేసింది. పిన్నికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు.

లైట్ల వేడికి ముందు యజమాని నుదుటి మీద పూత చిట్లింది. తరవాత చెంపల మీద పూత చిన్న చిన్న ఉండలు కట్టింది. ఆయన తుడవబోతే ఇంకా లేచింది. చివరికి బంగారు ఫ్రేము ముక్కు మీదనుంచి మెల్లగా జారుతూ, ముక్కు పొడుగునా ఉన్న పూతనంతా ముద్దగా పోగుచేసుకుని పెదవి మీద దింపింది.

"సార్, పెచ్చులూడుతున్నారు," అన్నాడు ఫొటోగ్రాఫర్.

"కడుక్కుని వస్తాను!"

"కడిగితే ముఖం ఎర్రబడుతుంది సార్. నేను ఇంకోచోటికి వెళ్లాలి. ఎవరో ఒకరిని కూర్చోబెట్టండి."

"అయ్యో, ఆ ఫ్రేముకి పూత అంటింది కదండీ," అంది పిన్ని. లోపలికి తిరిగి గొంతెత్తింది. "బుల్లీ, బంగారు ఫ్రేము ఇంకోటి ఉందిగా, తీసుకురావే! పెట్టుకునే రా, చేత్తో తెస్తే పడేస్తావు!"

బుల్లి విసుక్కుంటూ ఫ్రేము పెట్టుకుని వెలుగులోకి వచ్చింది. ఎక్కడా మెరవని, ఎక్కడా చిట్లని ముఖం. ఫ్రేము ముక్కు మీద నిలిచింది, ఎందుకంటే ఆ ముక్కు ఆరింది.

"ఈవిడ ఇంతసేపూ ఎక్కడున్నారు?" అన్నాడు ఫొటోగ్రాఫర్.

అతను ఫొటో తీశాడు.

బోర్డు లేచింది. వచ్చినవాళ్లు "ఆ అమ్మాయి ఏదీ?" అని అడగసాగారు. యజమాని బుల్లిని ముందు కౌంటరుకు రప్పించి, ప్రతిభను తానెన్నడూ లోపల దాచలేదని కౌంటరు వాళ్లందరి ముందూ చెప్పాడు. సిగ్గుపడాల్సినవాడు అంత ధీమాగా మాట్లాడాక, పక్కవాళ్లే తలలు దించుకున్నారు.

కొన్నాళ్లకు బుల్లి ఒకరోజు మేకప్ వేసుకోకుండా, ఒట్టి సన్‌స్క్రీన్‌తో వచ్చింది. మచ్చ కనబడుతోంది. ఒకావిడ కౌంటరు మీదకి వంగి, "ముఖానికి ఏమైందమ్మా?" అంది. బుల్లి పళ్లు బిగించింది.

"నీ ఒక్కదానికే కాదులే," అంది ఆవిడే మళ్లీ. "గుమ్మంలో ఆ తాతకీ, ఆ డాక్టరుకీ, అదిగో ఆ పెద్దావిడకీ... అందరి ముఖాలూ ఏమిటమ్మా ఇలా పాలిపోయాయి? ఈ దుకాణంలో గాలి ఆడదా?"

నీ ఒక్కదానికే కాదు. బుల్లి చేతిలో ఫ్రేము అలాగే ఉండిపోయింది. గోడకేసి కొట్టిన ట్యూబూ, ఆ రోజు తాను అరిచిన మాటా గుర్తొచ్చాయి.

ఆవిడ వెళ్లాక బుల్లి డాక్టరు దగ్గరికి నడిచింది. "పిన్ని కళ్లు సాయంత్రానికి ఎర్రగా ఉంటాయెందుకండీ? టీవీ ఎక్కువ చూసి అనుకున్నాను."

"ఆవిడకి ఆ క్రీము పడదమ్మా, కళ్లు మండుతాయి. మానెయ్యమని మొదటినుంచీ చెబుతున్నాను. 'ముందు ఇది ఆరనీ, చూద్దాం' అంటుంది."

ఆ సాయంత్రం పిన్ని ముఖం కడుక్కుంటుంటే బుల్లి తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది. ఏదో పెద్ద మాటే అందామనుకుంది. చివరికి అడిగింది ఇదీ.

"పిన్నీ, ఆ రోజు యజమాని ముఖం ఎందుకు ఆరనివ్వలేదు?"

"మర్చిపోయానే."

"నువ్వు! మర్చిపోయావు!"

పిన్ని తువ్వాలు లాక్కుని ఎర్రటి కళ్లు అద్దుకుంది. "రెండేళ్లుగా నా కడుపుమంటే ఆరలేదు. ఇంక ఆయన ముఖం ఆరేదాకా ఎక్కడ ఆగనే?"

బుల్లి నవ్వు ఆపుకుని, చూపుడువేలు మడిచి పిన్ని చెంపకు ఆనించింది.

"మరి ఇప్పుడు ఆరిందా?"

పిన్ని కాస్త ఆలోచించింది.

"ఇంకాస్త ఆరనీ."