కాలరు తిప్పుడు

కాలేజీలో లెక్కల మేడమ్‌ని వెనకాల అందరూ రొయ్యల మేడమ్ అనేవారు. ఆవిడ జన్మలో రొయ్యని ముట్టుకున్నది లేదు. పేరు మాత్రం ఎంత ముదిరిందంటే, కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు స్టాఫ్ రూములోకొచ్చి, రొయ్యల మేడమ్ ఎవరండీ అని ఆవిడనే అడిగాడు. ఆవిడ నవ్వి, నేనేనయ్యా కూర్చో అంది.

ఆ పేరు ఆవిడకి తమ్ముడి పుణ్యాన వచ్చింది. తమ్ముడిని ఇంట్లోనూ వీధిలోనూ చిన్నోడనే పిలిచేవారు. జుట్టు నెరుస్తున్నా చిన్నోడే. ఒక బడిలో లెక్కల మాస్టారు. అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఒకటే పిచ్చి, అదేమిటో చెప్పకపోతే ఈ కథ ముందుకి నడవదు. భయపడకండి, చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది.

కాసిని చుక్కలు పెట్టి వాటిని గీతలతో కలపండి. ఏ చుక్కా విడిగా ఉండిపోకూడదు, ఎక్కడా గీతలు చుట్టు తిరిగి మొదటికి రాకూడదు. అలాంటి బొమ్మని ఈ శాస్త్రంలో చెట్టంటారు. ఇప్పుడు చుక్కలకి సున్నా నుంచి వరసగా అంకెలు పంచాలి, ఒక్కోదానికి ఒక్కటే. ప్రతి గీత మీదా దాని రెండు కొసల అంకెల తేడా రాయాలి. ఏ రెండు గీతలకీ ఒకే తేడా రాకూడదు. వరసలో నాలుగు చుక్కలుంటే సున్నా, మూడు, ఒకటి, రెండు అని వేస్తే తేడాలు మూడు, రెండు, ఒకటి వస్తాయి. అయిపోయింది. మరి ప్రతి చెట్టుకీ ఇలా కుదురుతుందా? చూడ్డానికి పిల్లలాట. జవాబు మాత్రం ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

వెన్ను ఒకటి ఉండి, దానికి అటూ ఇటూ కాళ్ళు మొలిచిన చెట్లని గొంగళిపురుగులంటారు. వాటి సంగతి ఎప్పుడో తేలిపోయింది. ఆ కాళ్ళకి మళ్ళీ కాళ్ళు మొలిస్తే రొయ్యలంటారు. అవే ఒక పట్టాన లొంగవు. ఫలానా జాతికి కుదిరింది, ఫలానా జాతికి కుదిరింది అని ఒక్కొక్కరు కొద్దికొద్దిగా చూపించుకుంటూ వస్తున్నారు. అక్కాతమ్ముళ్ళు అలాంటి ఒక జాతిని పట్టుకుని ఏళ్ళ తరబడి వేలాడారు.

వాళ్ళమ్మ దర్జీ. ఇంటి ముందుగదే ఆవిడ కొట్టు. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడ పొడుగునా కత్తిరింపుల బల్ల. పిల్లలు ఆ బల్ల కిందే పెరిగారు. గుండీలు చుక్కలు, దారపు ముక్కలు గీతలు. వాళ్ళ మొదటి చెట్లన్నీ అవే. గిరాకీ చొక్కాకి పెట్టాల్సిన గుండీలు కాస్తా రొయ్య కాళ్ళయిపోయాయని ఆవిడ ఇద్దరి వీపులూ విమానం మోత మోగించిన రోజులున్నాయి.

ఆ కొట్టుకి ఎక్కువగా వచ్చేవి కాలర్లు అరిగిన చొక్కాలు. చొక్కా అంతా బాగుండి మెడ దగ్గర నలిగి పీచు లేస్తుంది. ఆవిడ కాలరు విప్పి, తిరగేసి, మళ్ళీ కుట్టేది. అడుగువైపు పైకొచ్చి చొక్కా కొత్తదయ్యేది. విప్పేముందు అడుగువైపు కూడా చూసుకోవాలని ఆవిడ నియమం. అది కూడా అరిగుంటే, ఇది లాభం లేదు బాబూ, ఇంకోటి కుట్టించుకో అని తిప్పి పంపేసేది.

లెక్కల పుస్తకాల్లో "సామాన్యతకు భంగం లేకుండా" అని ఒక మాట వస్తూ ఉంటుంది. ఎడమైనా కుడైనా ఒకటే, కాబట్టి ఒక్కవైపే చూద్దాం అని దాని భావం. ఈ మాట మొదటిసారి కనబడ్డప్పుడు చిన్నోడు, "అక్కా, ఇది అమ్మ కాలరు తిప్పుడే" అన్నాడు. అప్పట్నుంచీ ఇంట్లో దాని పేరు కాలరు తిప్పుడే అయింది.

చివరికి వాళ్ళ రొయ్యలు లొంగింది కూడా ఆ తిప్పుడుతోనే. వెన్ను ఎడమ కొస నుంచి అంకెలు వేసుకుంటూ పోయే పద్ధతి ఒకటి చిన్నోడికి తట్టింది. ఎడమ కొసన కాళ్ళు సరిసంఖ్యలో ఉంటేనే అది నడుస్తుంది. బేసి ఉంటే? ఏముంది, బొమ్మని తిరగెయ్యి, కుడి కొస ఎడమకొస్తుంది. వ్యాసం రాసింది అతను, వరసవరసా చదివి సరిచూసింది ఆవిడ. ఇద్దరి పేర్లతో ఒక పేరున్న పత్రికలో అచ్చయింది. ఆ సంబరంలో చిన్నోడు మీసం పెంచాడు. మీసానికేముందిరా, రొయ్యకి లేవా బారెడు అని తల్లి ముఖాన్నే అనేసింది. అన్నది గానీ, ఆ పత్రికని ఉతికిన గుడ్డలో చుట్టి మిషను సొరుగులో పెట్టుకుని, కొలతలివ్వడానికొచ్చిన ప్రతి మనిషికీ చూపించింది.

మరుసటి ఏడు చిన్నోడికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆసుపత్రికి నడిచి వెళ్ళినవాడు నడిచి రాలేదు. అంతకంటే ఎక్కువ చెప్పడానికి నాకు మనసొప్పదు. పెళ్ళాం పిల్లలు లేని మనిషి. వెనక మిగిలింది నాలుగు చొక్కాలూ, ఆ పత్రికా. తల్లి మిషను మీద దుప్పటి కప్పేసింది. తిండి తగ్గించేసింది. ఎవరైనా వస్తే మాత్రం సొరుగు తీసి, "ఇది మావాడిది. ఇది ఎక్కడికీ పోదు" అనేది.

ఏడాది తిరిగాక కాలేజీవాళ్ళు చిన్నోడి జ్ఞాపకార్థం ఒక ప్రసంగం పెట్టారు. మాట్లాడాల్సింది లెక్కల మేడమే. తల్లి ముందు వరసలో, ఇస్త్రీ మడత నలగని చీరలో కూర్చుంది. మేడమ్ బోర్డు మీద ఒక రొయ్యని గీసింది. ఉదాహరణకే కదా అని చేతికొచ్చినట్టు గీసింది. తరవాత "సామాన్యతకు భంగం లేకుండా" అని రాసి, ఎడమ కొసన కాళ్ళు లెక్కపెట్టింది. మూడు. బేసి కాబట్టి తిరగేద్దాం అంటూ కుడి కొసకి చెయ్యి తీసుకెళ్ళింది. అక్కడా మూడే.

సుద్ద ముక్క బోర్డు మీదే ఆగిపోయింది. రెండు కొసలా బేసి అయితే తిరగేసి ఏం ప్రయోజనం? మొదట వాళ్ళు పట్టుకున్న జాతిలో అలాంటి రొయ్యలు ఉండేవి కావు. తరవాత చిన్నోడు హుషారుగా జాతిని పెంచాడు. ఆ వాక్యం మాత్రం పాతదే ఉండిపోయింది. పత్రికవాళ్ళు పరిశీలనకి ఇచ్చిన పండితుల కళ్ళు కూడా దాన్ని దాటుకుని వెళ్ళిపోయాయి. ఆవిడకి ఇదంతా అక్కడే, బోర్డు ముందే, ఒక్కసారిగా తెలిసొచ్చింది.

సభలో వాళ్ళు వేరేగా అనుకున్నారు. పాపం తమ్ముడు గుర్తొచ్చాడని ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. శాఖాధిపతి స్వయంగా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ తాగి, మిగతాది వ్యాసంలో ఉందని చెప్పి కూర్చుంది. చప్పట్లు కొట్టారు. తల్లి కూడా కొట్టింది.

ఆ రోజు నుంచి ఆవిడ ఆ చిరుగుని కుట్టడానికి పడ్డ పాట్లు చెప్పనలవి కాదు. బోర్డు మీద గీసిన ఆ రొయ్యకి చేత్తో అంకెలు కుదిరాయి. దాని పక్కదానికీ కుదిరాయి. కానీ ఒక దానికి కుదిరితే జాతికంతటికీ కుదిరినట్టు కాదు, ఆ సంగతి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. వాళ్ళు చెప్పింది అబద్ధమని తేలలేదు, నిజమనీ తేలలేదు. మళ్ళీ ఎవరికీ తెలియని చోటికే పోయింది. పక్కనుండి "పోనీ అక్కా, ఇలా చూద్దామా" అనేవాడు లేడు. అన్నిటికన్నా ఆవిడని పొడిచింది అదే. ఒక మధ్యాహ్నం ఖాళీ క్లాసురూములో కూర్చుని, బల్ల మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చింది.

శాఖాధిపతికి చెప్తే ఆయన తలుపు దగ్గరికి వేసి, ఎవరూ చూడలేదు కదా, అడిగినప్పుడు ఆలోచిద్దాం అన్నాడు. "పోయినవాడి పేరు మన చేత్తో మనమే చెరుపుకోవడం ఎందుకు మేడమ్?" అన్నాడు. మంచిమనిషే, మంచికే అన్నాడు. అప్పటికే ఎక్కడెక్కడివాళ్ళో ఆ వ్యాసాన్ని నమ్మి దాని మీద తమ లెక్కలు కట్టుకుంటున్నారు. పునాదిలో నెర్రె ఉందని తెలిసి నోరు మూసుకుంటే తమ్ముడు ఒప్పుకునేవాడా? ఆవిడ పత్రికవాళ్ళకి ఉన్నది ఉన్నట్టు రాసేసింది. సవరణ ప్రకటిస్తామని వాళ్ళు జవాబిచ్చారు.

ఇక తల్లికి చెప్పాలి. ఆవిడకి రొయ్యలూ తెలియవు, పత్రికలూ చదవలేదు. కానీ ఊళ్ళో నోళ్ళు ఊరుకోవు. బయటివాళ్ళ నోట వినేకన్నా తన నోట వినడం మేలనుకుంది మేడమ్. ముందుగదిలో తల్లి పక్కన కూర్చుని, చిన్నోడి పాత చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుని, కాలరు పట్టుకుని మొత్తం చెప్పింది.  అయ్యాక తల్లి చొక్కా లాక్కుని కాలరు అటూ ఇటూ తిప్పి చూసింది.

"రెండు వైపులా అరిగినదాన్ని తిప్పారన్నమాట."

"అవునమ్మా."

"ఎవరు తిప్పారు?"

ఈ ప్రశ్న వస్తుందని మేడమ్ అనుకోలేదు. వ్యాసం రాసింది చిన్నోడు. జాతిని పెంచింది చిన్నోడు. ఆ వాక్యం అతని చేతిది. తల్లి కళ్ళు చూస్తే మాత్రం ఆ పేరు నోట రాలేదు.

"నేనే" అంది.

తల్లి భుజాలు దిగాయి. పెద్ద బరువు దించుకున్న మనిషిలా గోడకి చేరగిలబడింది. "అనుకున్నా. వాడైతే అడుగువైపు చూడకుండా విప్పడు" అంది.

ఆ పూట ఆవిడ చాన్నాళ్ళకి కడుపు నిండా తిన్నది. వారం తిరక్కుండా మిషను మీద దుప్పటి తీసింది. కొలతలివ్వడానికొచ్చినవాళ్ళకి పత్రిక ఎప్పట్లాగే చూపించేది, కానీ దానికిప్పుడు ఒక తోక చేరింది. మావాడు బంగారంలా చేశాడు, చివర్లో వాళ్ళక్క పాడుచేసింది, పెద్ద చదువులు చదివి ఏం లాభం అనేది. కూతురు పక్క గదిలో ఉన్నా గొంతు తగ్గించేది కాదు. మేడమ్‌కి చివుక్కుమనేది. అయినా అమ్మ అన్నం తింటోంది, అది చాలనుకుని సర్దుకుపోయేది. నింద మోసేవాళ్ళకి లోపల ఒక చిన్న గర్వం కూడా ఉంటుంది. ఆవిడకీ ఉండేది, లేదంటే అబద్ధమవుతుంది. తమ్ముడి కోసం ఈపాటి చెయ్యలేనా అని.

సవరణ అచ్చయి వచ్చిన రోజు మేడమ్ ఆ కాగితాన్ని తల్లికి ఇచ్చింది. తల్లి అందులో కొడుకు పేరు ఎక్కడుందో చూపించమంది. చూపించింది. ఆవిడ ఆ పేరు మీద వేలు పెట్టింది. ఈసారి తిట్టలేదు. గొంతులో కోపం కూడా లేదు.

"ఆ వ్యాసం పంపే ముందు వాడు నిన్ను అడిగాడే. నేను ఇక్కడే గుండీలు కుడుతున్నా. అక్కా, ఇందులో కొత్తగా కొంత కలిపాను, మొదట్నుంచీ మళ్ళీ ఒకసారి చూడు అన్నాడు. గుర్తుందా?"

మేడమ్ ఆ కాగితం మీదికి వంగింది.

"నువ్వు పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నావు. తలెత్తకుండానే, చూశాగా అన్నావు. అక్క చూసిందంటే ఇక తిరుగులేదని వాడు హాయిగా పంపేశాడు."

గుర్తుంది. ఇన్నాళ్ళూ గుర్తు లేదు, ఇప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ చూసింది పాత ప్రతిని. కొత్తదాన్ని చూడనే లేదు. తమ్ముడి తప్పుని తను మోస్తున్నానని ఇన్నాళ్ళూ అనుకుంది.

"ఒక్కసారి చూసుంటే బాగుండేదే" అంది తల్లి.

"అవునమ్మా" అంది మేడమ్.