గోనెసంచి మీద కాళ్ళు

తొంభైల చివర్లో అనుకుంటాను. అవనిగడ్డలో కోడూరు బస్సెక్కాను. కాళ్ళ దగ్గర ఇరుకుగా ఉంటే, అక్కడున్న గోనెసంచి మీదే కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. సంచి పక్క సీటులోని పెద్దావిడది.

కండక్టరు సంచిని తట్టి చూశాడు. "ఆల్చిప్పలా? అందరూ ఏట్లోంచి సున్నం బట్టీకి తెస్తారు. నువ్వేంటి మామ్మా, బట్టీ నుంచి ఏటికి తీసుకెళ్తున్నావు?"

"ముప్పయ్యేళ్ళు నేనూ బట్టీకే తెచ్చా నాయనా. ఇప్పుడు మా హంసలదీవి పాయలో వెతికినా దొరకట్లా. వీటి పిల్లలు నీళ్ళల్లో తిరుగుతానే ఉంటయ్యి. అతుక్కోటానికి పాత చిప్ప ఉంటేనే బతుకుతయ్యి."

కండక్టరు నవ్వుకుంటూ ముందుకెళ్ళాడు. నాకూ నవ్వొచ్చింది. ఆవిడ అది చూసి, ఒళ్ళో ఉన్న క్యారేజీ గిన్నె మూత తీసింది. ఉప్పునీళ్ళలో ఒకే ఒక్క చిప్ప.

"మొన్న నేను పాయలో వేసినవాటిల్లోది బాబూ. ఇది చూపిస్తేనే బట్టీ ఆయన ఈ సంచి ఇచ్చాడు."

నా వేలు పట్టుకుని చిప్ప లోపలివైపు ఆనించింది. కంటికేమీ ఆనలేదు గానీ, వేలికి నూకగింజంత గరుకు తగిలింది.

"నొక్కమాక. ప్రాణం ఉంది."

దాని పక్కన ఇంకొకటి. వేలు జరిపిన చోటల్లా ఇంకొకటి.

ఆవిడ మూత పెట్టేసింది. సంచిలో ఉన్నవి ఉత్త చిప్పలేనని నాకు తెలుసు. అయినా కోడూరు వచ్చేదాకా కాళ్ళు పైకి ముడుచుకునే కూర్చున్నాను.