పేరు చెప్పి అడిగే ఇల్లు

పొద్దున్నే టీ తాగకముందే అనిత సూపర్‌వైజర్ ఓంకార్‌కు ఫోన్ చేస్తుంది. "ఎవరన్నా నా పేరు చెప్పి అడిగినారా అప్పా?"

చందాపుర చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో బొద్దింకల మందు పెట్టడం ఆమె పని. మగవాళ్ళు లేని వేళ ఆడమనిషినే పంపమనే ఇళ్ళు చాలా ఉన్నాయి. కంపెనీలో ఏళ్ళ తరబడి ఆడమనిషంటే అనిత ఒక్కతే. తొలి వానలకు డ్రైనేజీ పైపుల్లోంచి బొద్దింకలు పైకెక్కే రోజుల్లో ఆమెకు తిండికి కూడా తీరికుండేది కాదు. అది చెప్పుకోవడం ఆమెకు ఇష్టం.

పోయినేడు ఫర్హానా చేరింది.

ఈ ఏడు వానలు మొదలవగానే ఓంకార్ నసిగాడు. "సత్యభామమ్మ ఇంటికి ఇద్దరూ పోండి. కిచన్ మాత్రం ఫర్హానాని చేయమన్నారు."

"నేనేం చచ్చిపోయినానా?"

ఆ ఇంటికి మొదటినుంచీ వెళ్తున్నది అనితే. పోయినేడు ఆమె సెలవు పెట్టిన ఒక్కరోజు మాత్రం ఫర్హానా వెళ్ళింది. అయినా ఫర్హానాను స్కూటర్ వెనక ఎక్కించుకుని బయల్దేరింది.

తప్పు దొరక్కపోతుందా అని వంటింటి గుమ్మంలో నిలబడింది. ఫర్హానా డబ్బాలు దించేముందు ఒక్కో అరనూ ఫోన్‌లో ఫోటో తీసుకుంది. మందు పెట్టాక, ఆ ఫోటో చూసుకుంటూ ఎక్కడివక్కడ సర్దింది.

"డబ్బాలకీ ఫోటోలా? గ్యాపకం ఉండదా నీకు?" అంది అనిత. "నేనైతే పెద్దవి వెనక, చిన్నవి ముందర, చూసేదానికే ముచ్చటగా పెడతా."

"అట్ల పెడితే అమ్మకు దొరకవంట అక్కా."

హాల్లోంచి సత్యభామ నవ్వింది. ముసలితనంలో ఆమెకు చూపు బాగా మందగించింది. "నిజమే అనితా. తడుముకుని తీసుకుంటాను కదా. నువ్వు సర్ది వెళ్ళాక ఓసారి టీలో ఉప్పేసుకున్నాను. నొచ్చుకుంటావని చెప్పలేదు."

ఉప్పు సంగతి అనితకు పట్టలేదు. ఇన్నేళ్ళూ తనకు చెప్పని మాట నిన్నగాక మొన్న వచ్చినదానికి చెప్పిందే!

"దానికెందుకు చెప్పినారమ్మా?"

"అడిగింది, చెప్పాను."

ఇప్పుడు అనిత కూడా ప్రతి ఇంట్లో ఫోటోలు తీస్తోంది. సత్యభామ ఇంట్లో మాత్రం బాత్రూములు, బాల్కనీ అనితవి. వంటిల్లు ఫర్హానాది.