జంబేరి మీద చీనీ కన్ను

పోయిన శుక్రవారం పులివెందులలో మా మామ పోయినాడు. రక్తసంబంధం కాదు. నేను పనిచేసే నర్సరీలో చీనీ మొక్కలకు అంటు కట్టే పెద్దమనిషి, నాకు కత్తి పట్టడం నేర్పిన గురువు. అందరూ మామా అనేవాళ్ళు, నేనూ అట్లే పిలిస్తి.

చీనీ కాయ, అదే బత్తాయి, తినేవాళ్ళకు తెలియకపోవచ్చు, ఆ చెట్టు చీనీ గింజ నుంచి వచ్చింది కాదు. జంబేరి అనే నిమ్మజాతి మొక్క పెన్సిలు లావైనాక దాని తొక్క చీల్చి, మంచి కాపు చీనీ చెట్టు మొగ్గను అందులో దూర్చి, ప్లాస్టిక్ పట్టీ చుడతాం. ఆ మొగ్గనే కన్ను అంటాం. వేరు జంబేరిది, కాయ చీనీది. "గింజ నాటితే చెట్టు ఇష్టం, కన్ను కడితే మన ఇష్టం" అనేవాడు మామ.

కోసిన కన్నును గాటు పెట్టేదాకా పెదాల మధ్య పట్టుకునేవాడు. అందుకే అంట్ల కాలం వస్తే ఆకువక్క బంద్. నమాజుకు తప్ప వరస మధ్యలో లేచేవాడు కాదు.

మా కాడ కత్తి మగోళ్ళది, పట్టీ చుట్టేది ఆడోళ్ళం. మామ నా చేతికి కత్తి ఇచ్చినాడు. ఓనరుకు నచ్చలే. "ఒక్క కాలం చూస్తా. చెడగొడితే మళ్ళీ పట్టీకే" అన్నాడు.

చెడగొట్టనే చెడగొట్టినా. కన్నులన్నీ పచ్చగా పట్టినాయి. వాటి కింద జంబేరి చిగుర్లు ఎగబడి వస్తే, అబ్బ, ఎంత ఏపుగా ఉండాయో అని మురిసిపోయినా. తుంచబుద్ధి కాలే. సారమంతా అవే తాగేసి, మూడు వరసల కన్నులు ఎండిపోయినాయి.

ఓనరు వచ్చి "ఏందమ్మా ఇది?" అని అరిచినాడు. కత్తి పోయినట్టే అనుకున్నా. మామ గోనెసంచి మీది నుంచి లేచి, "తప్పు నాదప్పా. చిగుర్లు తుంచాలని ఈయమ్మికి నేను చెప్పలే" అన్నాడు.

చెప్పినాడు. నాలుగుసార్లు చెప్పినాడు.

ఆయన్ను ఏమీ అనలేక ఓనరు ఎల్లిపోయినాడు. ఆ మొక్కలకే రెండో పక్క మళ్ళీ నాతోనే కట్టించినాడు మామ. నేను బతిమాలినా తాను కత్తి ముట్టలే. అన్నీ పట్టినాయి. ఈ పొద్దు పెండ్లిమర్రి నుంచి ముద్దనూరు దాకా నా చేతి చెట్లు కాస్తాండాయి. గొప్పకు చెప్పడం లేదు, పోయి చూసుకోండి.

పోయే ముందురోజు మామను చూడబోయినా. ఇన్నేండ్లూ అడగంది మంచం కాడ కూర్చొని అడిగినా.

"మామా, నువ్వు చెప్పినావు కదా. చెప్పలేదని ఏంటికి అంటివి?"

"నిన్ను తీసేస్తే, ఇంకొకరికి మొదట్నుంచి నేర్పే ఓపిక నాకు యాడుందమ్మే?"

నవ్వబోతే ఆయనకు దగ్గు వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. దగ్గు తగ్గినాక కసిరినాడు. "ఈడ కూర్చొని ఏం చేస్తాండావు? నా వరసలో చిగుర్లు ఎవరు తుంచుతాండారు?"

ఎవరూ తుంచలే. పోయి చూస్తే ఆయన కట్టిన ఆఖరి వరసలో జంబేరి జానెడు లేచింది. పొద్దు గూకేదాకా ఒక్కో మొక్క కాడ వంగి తుంచినా. వాటి చాటున చీనీ కన్నులు ఇంకా పచ్చగానే ఉండాయి.

తెల్లారి కబురు వచ్చినప్పుడు, మొగానికి కొంగు అడ్డం పెట్టుకుంటే చేతులంతా జంబేరి వాసన.