పిడుగురాళ్లలో సిగ్నల్ ఉంది

ఆ ఆదివారం పిడుగురాళ్లలో నా ఫోన్‌కి సిగ్నల్ అందలేదని మా వాళ్ళందరూ చెబుతారు. మా ఆయన చెబుతారు, మా ఆడపడుచు చెబుతుంది, నా స్నేహితురాలైతే ఏకంగా ఇంటర్నెట్‌లో రాసిపెట్టింది: "ఫోన్ కూడా పలకని తెల్లటి ఊరు" అని. దాని కింద జనం పెట్టిన గుండె బొమ్మలు చూడాలి! అబద్ధం. సిగ్నల్ ఉంది. నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి.

అదే వ్యాసంలో ఇంకో అబద్ధం కూడా ఉంది. గుంటూరులో ప్రతి సందూ తెలిసిన మిత్రురాలు దగ్గరుండి ఊరంతా చూపించిందట. ఆ మిత్రురాలిని నేనే. నేను ఏమీ చూపించలేదు. ఆమె ఊరు తిరుగుతుంటే నేను బ్రాడీపేటలో ఒక ఆస్పత్రి మొదటి అంతస్తులో, రెక్సిన్ చిరిగిన కుర్చీలో, మా అత్తయ్య పక్కన కూర్చుని ఉన్నాను.

మా అత్తయ్యకి మూత్రపిండాలు పనిచెయ్యడం మానేసి మూడేళ్ళయింది. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. మేముండేది నల్లపాడులో. ఆరున్నరకల్లా ఆటో ఎక్కితే ఏడింటికి సూదులు గుచ్చుతారు, పదకొండింటికి తీస్తారు. ఆ నాలుగు గంటలూ పక్కన ఇంటిమనిషి ఉండి తీరాలి. ఉన్నట్టుండి బీపీ పడిపోతుంది, కాళ్ళు కొంకర్లు పోతాయి. ఆ ఇంటిమనిషిని నేను. అంతకుముందు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. "నిన్నెవరూ మానెయ్యమనలేదుగా" అని మా వాళ్ళు ఏ పెళ్ళిలో కలిసినా గుర్తుచేస్తారు. నిజమే, ఎవరూ అనలేదు. మానకుండా ఎలా కుదురుతుందో కూడా ఎవరూ చెప్పలేదు.

ఇంకో లెక్క కూడా ఉంది. రోజుకి లీటరు. కాఫీ, మజ్జిగ, పప్పుచారు, మాత్ర వేసుకునే గుక్కెడు నీళ్ళు, అన్నీ కలిపి లీటరు దాటకూడదు. దాటితే ఆ నీళ్ళు ఒంట్లోనే నిలబడిపోయి ఊపిరితిత్తుల దాకా వస్తాయి. గుంటూరు ఎండలో, మా తిండి తింటూ, లీటరు! శుక్రవారం నుంచి సోమవారం దాకా మధ్యలో మిషను లేదు కాబట్టి ఆ రెండు రోజులే డాక్టరుగారికి భయం. నాకు ఊరు దాటే వీలున్నదీ ఆ రెండు రోజులే. మూడేళ్ళలో ఒక్కసారీ దాటలేదు.

నా స్నేహితురాలు హాస్టల్లో నా గదిలో ఉండేది. పుట్టింది కాకినాడ, ఉండేది పూనా. ఎవరూ పట్టించుకోని ఊళ్ళు వెతుక్కుని తిరగడం, వాటి గురించి రాయడం ఆమె సరదా. కొండల్లోకి వెళ్దామని మూడుసార్లు నాకు టికెట్ తీసింది, మూడుసార్లూ నేనే రద్దు చేయించాను. నాలుగోసారి ఫోన్ చేసి, "నువ్వు రాకపోతే నేనే వస్తా" అంది.

"ఇక్కడ చూడ్డానికేముందే? మిరపకాయలు, కోచింగ్ సెంటర్లు, ఎండ."

"సరిపోదా?"

ఫిబ్రవరి చివర్లో ఒక గురువారం సాయంత్రం దిగింది. శుక్రవారం ఆటోలో మాతోపాటు ఆస్పత్రి దాకా వచ్చి, అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టేదాకా ఉండి, "ఒక రౌండు కొట్టొస్తా" అని పోయింది. పదకొండు కావస్తుండగా తిరిగొచ్చింది. ముక్కు ఎర్రగా కందిపోయి, కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా సంబరం.

"మిర్చి యార్డుకెళ్ళానే. అన్ని వేల బస్తాలు ఒక్కచోట! అందరూ హాయిగా కబుర్లాడుకుంటూ పని చేసుకుంటున్నారు, తుమ్మేది నేనొక్కదాన్నే. ఒకాయనకి జాలేసి, 'కొత్తామ్మా? పక్కకెళ్ళి నిలబడండి, ఇదింకా తక్కువ కారం సరుకు' అన్నాడు."

"మరి తక్కువ కారమేగా" అన్నారు అత్తయ్య, సూదులున్న చెయ్యి కదపకుండా.

అక్కణ్ణుంచి పాతగుంటూరు వెళ్ళిందట. ఒక వీధిలో పరుపులు కుట్టే సాయిబుగారు కొట్టు ముందు దూది ఏకిస్తుంటే నిలబడి చూసిందట. ఆయన స్టూలు వేసి, టీ తెప్పించి, ఏ పొలం పత్తి మెత్తనిదో, ఏది రెండేళ్ళకే గడ్డకడుతుందో వేళ్ళమధ్య నలిపి చూపించారట. బ్రాడీపేటలో ఆటోవాళ్ళు వీధుల పేర్లు చెప్పకుండా లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెప్పుకోవడం కూడా ఆమెకి పెద్ద వింత. "నాలుగు బై పద్నాలుగు అంటే చాలు, దించేస్తారే! చదరంగం బల్ల మీద తిరిగినట్టుంది."

ఇరవయ్యారేళ్ళుగా నేను ఆ బల్ల మీదే ఉన్నాను. మా ఇంట్లో పరుపులన్నీ పాతగుంటూరులో కుట్టినవే. కుట్టిన మనిషి మొహం ఒక్కసారీ చూడలేదు.

"ఆ కొట్టు మసీదు దాటాక ఎడమచేతి పక్కనేనా?" అత్తయ్య అడిగారు. "అయితే వాళ్ళ నాన్నే నా పెళ్ళికి పరుపు కుట్టింది. ఎర్ర చారల గుడ్డ. ఇంకా ఏం చూశావమ్మాయ్?"

మా అత్తయ్య ఆ కుర్చీలో కూర్చుని ఎవరినైనా 'ఇంకా ఏం' అని అడగడం అంతకుముందు నేను వినలేదు. మామూలుగా ఆవిడ అడిగేది ఒకటే, ఇంకా ఎంతసేపు అని.

ఆటోలో నా స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు అదృష్టవంతురాలివే, ఇలాంటి ఊళ్ళో ఉంటున్నావు" అంది. ఒళ్ళు మండింది.

"నాలుగు రోజులకొచ్చినవాళ్ళకి జైలు కూడా బాగానే ఉంటుంది. ఎత్తైన గోడలు, చెట్లనీడ, వేళకి భోజనం. వ్యాసం రాసుకో."

"అబ్బ, నీ నోరు ముసలైపోలేదే!"

"అదొక్కటే బయట తిరుగుతోంది కాబట్టి."

అత్తయ్య రోడ్డు వైపు మొహం తిప్పుకున్నారు. విన్నారు. నేను అన్నదాంట్లో జైలంటే ఊరో, ఆవిడో, ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.

శనివారం భోజనాల దగ్గర నా స్నేహితురాలు మా ఆయన్ని పట్టుకుంది. "బావగారూ, రేపు ఒక్కపూట దీన్ని నాకు అద్దెకివ్వండి." మా ఆయన నవ్వేసి, "తీసుకెళ్ళండి, నేనుంటాగా" అన్నారు. మూడేళ్ళుగా ఆ మాట ఇంత తేలిగ్గా ఎవరి నోట్లోంచైనా వస్తుందని నాకు తెలీదు. ఎక్కడికి? దూరం కుదరదు. నల్లపాడులో పొద్దున రైలెక్కితే రెండు గంటల్లోపు దిగి, సాయంత్రానికి ఇల్లు చేరే ఊరు కావాలి. ఆమె ఫోన్‌లో రైలు దారి చూసి పిడుగురాళ్ల అంది.

"పిడుగురాళ్లా?" అత్తయ్యకి నవ్వాగలేదు. "అక్కడ సున్నం తప్ప ఏముంది? మా ఇంటికి వెల్లవేయడానికి బండ్లమీద అక్కణ్ణుంచే వచ్చేది. నేనెప్పుడూ చూళ్ళేదు. సరే, పోయి రాండి."

ఆదివారం పొద్దున్నే లీటరు సీసా నింపి బల్లమీద పెట్టాను. మాత్రల వేళలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. "ఉప్పు, పచ్చళ్ళు వద్దు" అని మా ఆయనకి రెండుసార్లు చెప్పాను. "నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అన్నారాయన.

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. సత్తెనపల్లి దాకా పట్టాలకి రెండువైపులా మిరప కళ్ళాలే. ఎండబెట్టిన కాయలు నేలంతా ఎర్రగా పరుచుకుని, వాటి మధ్య ఆడవాళ్ళు తలగుడ్డలతో వంగి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. తర్వాత పత్తి తీసేసిన చేలు, ఎండు మోళ్ళు. ఆ తర్వాత ఎరుపు తగ్గి, గోధుమరంగు తగ్గి, ఊరు దగ్గరపడేకొద్దీ అన్నీ తెల్లబడ్డాయి. వేపచెట్ల ఆకులు తెల్లగా. రేకుల కప్పులు తెల్లగా. లారీ కింద పడుకున్న కుక్క కూడా.

నేను కొండల్లో మంచు చూడలేదు. ఇదైతే చూశాను. ఒప్పుకుంటాను, ఆ ఊరు బాగుంది.

స్టేషను బయట ఒక బండి దగ్గర ఇడ్లీ, నెయ్యి, కారప్పొడి తిన్నాం. బండి ఆయన నా స్నేహితురాలికి "కారమేం లేదు తినండి" అని భరోసా ఇచ్చాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఆటోలో ఊరి చివర బట్టీల వైపు వెళ్ళాం. పొడవాటి పొయ్యిగొట్టాల్లా వరసగా నిలబడ్డ బట్టీలు. పైనుంచి రాయి, బొగ్గు పోస్తారు, కిందనుంచి కాలిన సున్నపురాయి లాగుతారు. కొంగు మూతికి చుట్టుకున్న ఒకావిడ మమ్మల్ని చూసి పార ఆపింది. కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి.

"సున్నం కావాలా?"

"కాదండీ, ఊరు చూద్దామని వచ్చాం" అంది నా స్నేహితురాలు.

ఆవిడ నమ్మలేక పక్కనున్న ఇంకో ఆవిణ్ణి కేకేసింది. "ఒసే, ఇటు రాయే! మనూరు చూట్టానికొచ్చారంట!" ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. "చూడండమ్మా చూడండి, మేం పుట్టిన కాణ్ణుంచీ చూత్తానే ఉన్నాం, మాకేం కనపళ్ళా."

మా మీద దయ కలిగిందో, వేడుక చూపించాలనిపించిందో, ఆవిడ కాలిన రాళ్ళు నాలుగు పక్కకి లాగి, "దూరంగా ఉండండి, కళ్ళల్లో పడుద్ది" అని చెంబుతో నీళ్ళు చల్లింది. మొదట ఏమీ కాలేదు. నీళ్ళు ఎటు పోయాయో కూడా తెలీలేదు, రాయి తాగేసింది. తర్వాత లోపలెక్కడో చిటపటలు మొదలయ్యాయి. రాయికి సన్నటి పగుళ్ళొచ్చాయి. ఆవిరి లేచింది. నిప్పు లేకుండా రాయి కుతకుతా ఉడికి, ఉబ్బి, మా కళ్ళముందే పువ్వు విచ్చినట్టు విచ్చుకుంటోంది.

అప్పుడు మోగింది ఫోన్. 'అత్తయ్య' అని కనబడింది. పదకొండున్నర.

ఇక్కడే అందరి కథలోనూ సిగ్నల్ ఉండదు. ఉంది. మోగింది. నేను చూశాను. ఏదో మాత్ర ఎక్కడుందని అయ్యుంటుందనుకున్నాను. ఫ్రిజ్ మీద రాశానుగా అనుకున్నాను. ఒక్క ఐదు నిమిషాలు నన్ను వదలరా అనుకున్నాను, ఇది అసలు నిజం. బొత్తాం నొక్కి మోత ఆపేశాను. ఆ రాయి పూర్తిగా పొడయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. తిరిగి చెయ్యలేదు. బట్టీలు చూశాం, క్వారీ అంచుదాకా వెళ్ళి లోతు చూశాం, ఫొటోలు దిగాం. మళ్ళీ చేద్దామని ఒకసారి గుర్తొచ్చింది కూడా. ఆ మధ్యాహ్నమంత తేలిగ్గా నేను నడిచి చాలా ఏళ్ళయింది.

రెండింటికి మా ఆయన చేశారు. ఎత్తాను. "అమ్మకి ఆయాసంగా ఉంది. పడుకోలేకపోతోంది. ఏం చెయ్యను?"

రైలు వేళ కాదు. స్టేషను దగ్గర కారు మాట్లాడుకుని బయల్దేరాం. మళ్ళీ తెలుపు పోయి ఎరుపు వచ్చిందో లేదో నేను చూడలేదు. సంగతులు దారిలో ఫోన్లో ముక్కలుముక్కలుగా తెలిశాయి. పక్కింటావిడ అప్పుడే కలిపిన పండుమిరప పచ్చడి తెచ్చిచ్చింది. అత్తయ్య ఒక్క ముద్ద పెట్టమన్నారు. మా ఆయన పెట్టారు. ఒక్కటి నాలుగైంది. పైన రెండు చెంబుల మజ్జిగ.

"మనదేం అంత కారం లేదులే అనుకున్నా" అన్నారాయన.

ఉప్పు సంగతి ఆయనకి తట్టనే లేదు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళతో ఇదే గొడవ.

మేము చేరేసరికి ఆస్పత్రిలో మాస్కు పెట్టి, మిషను తగిలించేశారు. బుగ్గలు నీలంగా ఉన్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి. బయట వరండాలో మా ఆడపడుచు ఉంది. తెనాలి నుంచి మాకంటే ముందే వచ్చింది. అత్తయ్య ఫోన్ ఆమె చేతిలో ఉంది.

"వదినా, పదకొండున్నరకే అమ్మ నీకు చేసినట్టుందే. ఎత్తలేదేం?"

నేను నోరు తెరిచేలోపు నా స్నేహితురాలు, "అక్కడ సిగ్నలే లేదండీ, ఊరంతా అంతే" అంది. నన్ను కాపాడదామనే. ఇంతనోరున్నదాన్ని, అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఊరుకున్నాను. ఊరుకోవడంతో అది నిజమైపోయింది.

సాయంత్రానికి అత్తయ్య తేరుకున్నారు. సోమవారం పొద్దున నా స్నేహితురాలు రైలెక్కింది. నెలలోపే వ్యాసం వచ్చింది, బాగానే రాసింది, దాన్ని చూసి పిడుగురాళ్ల వెళ్ళొచ్చినవాళ్ళు కూడా ఉన్నారట. వెళ్ళనీ. ఆ ఊరు అందుకు తగ్గదే.

నేను ఆ తర్వాత ఎక్కడికీ వెళ్ళలేదు. వద్దని ఎవరూ అనలేదు. మా ఆయన, "ఈసారి జాగ్రత్తగా ఉంటాలే, వెళ్ళు" అంటున్నారు కూడా. శుక్రవారం వస్తుంది, శనివారం, ఆదివారం వస్తాయి, నేను సీసా నింపుతాను.

ఒక బుధవారం, మిషను నడుస్తుండగా, అడిగేశాను. "అత్తయ్యా, ఆ రోజు ఫోన్ ఎందుకు చేశారు?"

"ఏ రోజు?"

"నేను పిడుగురాళ్ల వెళ్ళినరోజు. పదకొండున్నరకి."

"ఏమో, చెయ్యి తగిలుంటుంది."

"మీ ఫోన్‌లో తగిలితే పోదు. రెండో నంబరు ఒత్తి పట్టుకోవాలి."

"అయితే మర్చిపోయా." యాభై ఏళ్ళనాటి పరుపు గుడ్డ మీద చారల రంగు గుర్తున్న మనిషి! మళ్ళీ ఆవిడే, "నువ్వెత్తావా ఏంటి, సిగ్నల్ లేదన్నారుగా" అన్నారు. నా మొహం వంక కాదు, మిషను వంక చూస్తూ.

పచ్చడి వచ్చింది పన్నెండు దాటాక. ఫోన్ చేసింది అంతకు ముందే. అప్పటికి ఆయాసం లేదు, దాహం కూడా అంతగా ఉండి ఉండదు. తినచ్చా అని అడగడానికైతే కాదు. రమ్మనడానికా? ఆటోలో నేనన్న మాటకి జవాబు చెప్పడానికా? లేక నా స్నేహితురాల్ని అడిగినట్టే, ఎలా ఉందమ్మాయ్ ఆ ఊరు, ఇంకా ఏం చూశారు అని అడగడానికా?

ఎత్తి ఉంటే నాతో ఏమనేవారు అత్తయ్యా?