ఎద్దు డొక్కకు బిగించిన మూత

బుక్కరాయసముద్రం దాటాక ఉన్న పశువుల పరిశోధన కేంద్రంలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. కరువులో పశువుకు ఏ మేత అరుగుతుందో కనిపెట్టడం అక్కడి పని. అందుకోసం ఒక ఎద్దు ఎడమ డొక్కకు రంధ్రం చేసి, కడుపులోకి గొట్టం బిగించారు. దొరల కాలం నాటి నల్లటి గొట్టం, దానికి మరతో తిరిగే మూత. రోజూ మూత తీసి, చెయ్యి లోపలికి పెట్టి, సగం అరిగిన చెనిక్కాయ కట్టెను, అంటే ఎండిన వేరుశనగ మేతను, బయటికి తీసేవాణ్ణి. ఎద్దు నెమరు వేస్తూ కదలకుండా నిలబడేది. అంత మంచి జీవం.

రెండువేల సంవత్సరం దాటాక వానలు వరసగా మొహం చాటేశాయి. ఊళ్లలో పశువులను లారీలకెక్కించి అమ్ముకున్నారు. ఏ మేత అరుగుతుందో మేము తేల్చేలోపు, ఆ మేత తినడానికి రైతుల దగ్గర పశువులే మిగల్లేదు. మా చదువులు తగలెయ్య!

చివరికి పథకం మూసేశారు. ఎద్దును వేలంలో పక్క ఊరి రైతు కొన్నాడు. మూతతో సహా గొట్టాన్ని మాత్రం ఊడదీసి ఉంచేసుకున్నారు. పాతకాలపు ఆపరేషన్ సామానంతా అద్దాల బీరువాలో ప్రదర్శనకు పెడుతున్నారు, అందులోకి అదీ కావాలట.

"రంధ్రం కుట్టించి పంపుదాం సార్," అన్నాను.

"పథకమే లేదు, కుట్లెవరు వేస్తారు? అదే పూడుకుంటుందిలే," అని మా అధికారి గుడ్డ కుక్కించి పంపేశాడు.

కొన్ని వారాలకు రైతు ఎద్దును నడిపించుకుని వచ్చాడు. ఎముకల గూడు. డొక్కకు కట్టిన గోనెపట్టా తడిసి, తిన్న మేత కాళ్ల మీదికి కారుతోంది.

"ఏమప్పా, తిన్నదంతా కారిపోతాండాది. నేను పస్తుండి గడ్డి తెచ్చి ఏసినా. ఆ మూతేదో ఈడే ఉండాదంట గదా, ఈయప్పా."

ఉంది. పక్క గదిలోనే, అద్దం వెనక, నూనె పూసి మెరుస్తూ ఉంది. తాళం అధికారి దగ్గర. పోయి బతిమాలాను.

"రేపు పెద్దలొస్తున్నారు. బీరువాలో ఖాళీ కనబడితే నా పరువేం కావాలి? తర్వాత చూద్దాం."

రైతు గేటు పక్కనే ఎద్దు మెడ నిమురుతూ కూర్చున్నాడు. తెల్లారేసరికి అది ఇక లేవలేదు. కార్లు వచ్చేలోపు కొట్టం వెనక్కి ఈడ్చేయమన్నారు. ఈడ్చాం.

వచ్చినవాళ్లలో ఒకాయన బీరువా ముందు ఆగి, "దీంతో పశువుకు బాధ ఉండదా?" అని అడిగాడు.

"అస్సలు ఉండదు సార్. ఇది ఉన్నన్నాళ్లు ఎద్దు హాయిగా బతుకుతుంది," అన్నాడు అధికారి.

ఆ మాటలో ఒక్క ముక్క అబద్ధం లేదు. నాకు ఒళ్లు మండింది అందుకే.