బొటనవేలి చాటు సూర్యుడు

2024 ఏప్రిల్ 21, ఆదివారం, ఉదయం 9 గంటల 10 నిమిషాలు. కురబలకోటలో తిమ్మక్క టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆమె కోడిపెట్ట పొదిగిన పన్నెండు పిల్లల్లో, మూడు రోజుల్లో మూడింటిని గద్ద ఎత్తుకుపోయింది. అది వాలే చింతచెట్టు పడమట ఉంది కాబట్టి ఆమె రోజూ పడమరకే కాపు కాసింది.

టీవీలో పాత యుద్ధవిమానాల చరిత్ర వస్తోంది. శత్రువు ఆ వెలుగులో కనబడకుండా సూర్యుణ్ణి వీపున పెట్టుకుని దిగేవాడనీ, అందుకే బొటనవేలితో సూర్యుణ్ణి కప్పి చుట్టూ వెతికేవాళ్లమనీ ఒక ముసలి పైలట్ చెప్పాడు.

తిమ్మక్క చేయి ఆగిపోయింది. "అమ్మీ ప్రమీలా, ఈయప్ప మన గద్ద సంగతే చెప్తాండాడు!"

"విమానానికీ గద్దకూ యాడ పొత్తు అత్తా?" కోడలు నవ్వింది.

తిమ్మక్క వాకిట్లోకి వచ్చి, తూర్పుకు తిరిగి, చేయి చాచి బొటనవేలు ఎత్తింది. అంతటి సూర్యుడు ఆ గోరు వెనక అణిగిపోయాడు. అంచున ఆవగింజంత నల్లచుక్క కనిపించింది. అది పెరుగుతోంది.

ఆమె కేకకు పెట్ట రెక్కలు విప్పింది. పిల్లలన్నీ కిందికి దూరాయి. గద్ద ఆమె తలమీదుగా, రెక్కల గాలి తగిలేంత దగ్గరగా దూసుకొచ్చి పైకి లేచిపోయింది.

"ఏ బళ్లో నేర్చినావే ఇది?" అంది తిమ్మక్క గద్ద వంక చూస్తూ, కోపం మరిచిపోయి.

సాయంత్రం గంప కింద మూసేముందు పిల్లలను లెక్కపెట్టింది.

తొమ్మిది.